గ్రోత్ ప్రమోటర్ తీసేస్తే దాణాలో ఏం వేయాలి?

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది బ్రాయిలర్ (మాంసం కోళ్ల) రైతులు, కొందరు లేయర్ (గుడ్ల కోళ్ల) రైతులు, దాణా మిల్లు నడిపేవాళ్లు కూడా ఉన్నారు. ఈరోజు ఒకే విషయం మాట్లాడుకుందాం. కోళ్లు త్వరగా పెరగాలని రోజూ దాణాలో కొద్దిగా వేసే యాంటీబయాటిక్‌ను గ్రోత్ ప్రమోటర్ అంటాం. అది మానేస్తే వెల్లుల్లి, పసుపు, వాము, దాల్చినచెక్క నూనె లాంటివి దాని బదులు పనికొస్తాయా? పనికొస్తే టన్నుకు ఎంత వేయాలి, ఎలా కలపాలి, ఎక్కడ దెబ్బతింటాం?

ముందే ఒక మాట చెప్పేస్తాను. "బీఎండీ (ఒక యాంటీబయాటిక్ గ్రోత్ ప్రమోటర్) తీసెయ్, ఈ హెర్బల్ పౌడర్ వెయ్, మిగతాదంతా మామూలే" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. మొక్కల పదార్థాలు పనిచేస్తాయి. కానీ వాటి బలం తక్కువ. లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే ఊక) తడి, నీళ్లలో మురికి, దాణాలో బూజు, ఇన్నాళ్లూ ఇలాంటి తప్పులన్నిటినీ యాంటీబయాటిక్ కప్పేసింది. మొక్కల మందు అలా కప్పదు. ఆ తప్పులు సరిచేసుకున్న షెడ్డులోనే దాని ఫలితం కనపడుతుంది.

అసలు గ్రోత్ ప్రమోటర్ ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. 1940ల చివర్లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోడిపిల్లలకు బీ12 విటమిన్ అందించాలని, క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిపోయే మడ్డిని తినిపించారు. బీ12 వల్ల ఎంత పెరగాలో అంతకు మించి పెరిగాయి పిల్లలు. ఆ మడ్డిలో మిగిలిన కాస్త యాంటీబయాటిక్కే కారణమని తర్వాత తేలింది. మనం సిటిసి అనేది ఆ మందునే. కొద్ది మోతాదులో యాంటీబయాటిక్ పడితే పేగులో క్లాస్ట్రిడియం లాంటి బ్యాక్టీరియా తగ్గుతుంది, పేగు వాపు తగ్గుతుంది, పేగు గోడ పలచబడుతుంది. తిన్న దాణా పేగును బాగుచేసుకోవడానికి ఖర్చు కాకుండా మాంసంగా మారుతుంది. మొక్కల మందు నుంచి కూడా మనం ఆశించేది ఇదే. పేగు ప్రశాంతంగా ఉండాలి.

మరి ఎందుకు మానాలి? అవోపార్సిన్ అనే గ్రోత్ ప్రమోటర్ యూరప్‌లో కోళ్లకు వేసేవారు. అది ఆసుపత్రుల్లో ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు ఇచ్చే వాంకోమైసిన్‌కు దగ్గరి చుట్టం. కోళ్ల పేగుల్లో దానికి లొంగని బ్యాక్టీరియా తయారైతే, అది వాంకోమైసిన్‌కూ లొంగదు. డెన్మార్క్ 1995లో, యూరోపియన్ యూనియన్ 1997లో దాన్ని ఆపేశాయి. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో గ్రోత్ ప్రమోటర్‌గా ఏ యాంటీబయాటిక్కూ వాడకూడదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ సంగతీ అంతే. దానికి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి తేలిగ్గా దాటుతుందని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. 2019 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్లకు, ఆక్వాకు, దాణాకు కొలిస్టిన్ తయారీ, అమ్మకం నిషేధించింది. ఇంకా ఏ షాపులోనైనా పాత స్టాకంటూ ఇస్తే తీసుకోవద్దు. మందులకు లొంగని బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ల వల్లే 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిపి 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. వాటన్నిటికీ కోళ్లే కారణం కాదు. కానీ మన వంతు మనకుంది.

"తీసేస్తే నష్టపోతాం" అనే భయం ఉంది కదా, డెన్మార్క్ లెక్క చూడండి. అక్కడ బ్రాయిలర్ రైతులు 1998లో తమంతట తామే గ్రోత్ ప్రమోటర్లు ఆపేశారు. ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి తినే దాణా, 1.78 కిలోల దగ్గర నుంచి సుమారు 0.016 పెరిగింది. అంతే. చావులు పెద్దగా పెరగలేదు. అయితే దీనిలో ఒక కిటుకు ఉంది. వాళ్లు కాక్సీడియా (పేగును దెబ్బతీసే పరాన్నజీవి) మందును మాత్రం ఆపలేదు. సాలినోమైసిన్ లాంటి అయనోఫోర్లు అనే కాక్సీడియా మందులు దాణాలోనే ఉన్నాయి, అవి క్లాస్ట్రిడియంను కూడా అదుపులో పెడతాయి. మనవాళ్లు కొందరు "పూర్తి సహజం" అని చెప్పుకోవాలని గ్రోత్ ప్రమోటర్, కాక్సీడియా మందు రెండూ ఒకే బ్యాచ్‌లో తీసేస్తారు. మూడో వారంలో కాక్సీడియా పేగు గోడను చీలుస్తుంది, ఆ చీలిక దగ్గర కారే ప్రొటీన్ మీద క్లాస్ట్రిడియం పెరుగుతుంది, నెక్రోటిక్ ఎంటరైటిస్ (పేగు కుళ్లే రోగం) వస్తుంది. తప్పు హెర్బల్ మందు మీదకు పోతుంది. కాబట్టి మొదటి దశలో గ్రోత్ ప్రమోటర్ ఒక్కటే తీయండి. సాలినోమైసిన్ 60 పీపీఎం (టన్నుకు 60 గ్రాములు) అయితే అది, మదురామైసిన్ 5 పీపీఎం అయితే అది, ఉన్నది అలాగే ఉంచండి. ఒక హెచ్చరిక కూడా: సాలినోమైసిన్, మోనెన్సిన్ ఉన్న దాణా తినే కోళ్లకు నీళ్లలో టియామ్యులిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. కాళ్లు పడిపోతాయి, చనిపోతాయి.

ఇప్పుడు మొక్కల దగ్గరకు వద్దాం. వాములో థైమాల్, ఒరెగానోలో కార్వక్రాల్, లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్. మొదటి మూడూ నూనె స్వభావం ఉన్న ఫినాల్స్. బ్యాక్టీరియా పొర కూడా కొవ్వుతోనే ఉంటుంది కాబట్టి ఇవి అందులోకి దూరి పొరను చెడగొడతాయి, లోపలి పదార్థం బయటకు కారిపోతుంది. క్లాస్ట్రిడియం లాంటి వాటి మీద బాగా పనిచేస్తాయి. ఇ. కోలై, సాల్మొనెల్లాలకు బయట ఇంకో రక్షణ పొర ఉంటుంది, వాటి మీద బలం తక్కువ. అందుకే "ఈ నూనె ఇస్తే ఇ. కోలై పోతుంది" అన్న మాటను పట్టుకుని రోగం వచ్చిన కోళ్లను దాంతో నయం చేయాలని చూడకండి. దాణాలో వేసేది నివారణకు, చికిత్సకు కాదు.

అసలు లెక్క ఎలా ఉంటుందో వాముతో చూపిస్తాను. కర్నూలు వైపు వాము పండుతుంది, మనకు అందుబాటులో ఉంది. మంచి కొత్త వాములో నూనె 3 శాతం ఉందనుకోండి. ఆ నూనెలో సగం థైమాల్ అనుకోండి. టన్ను దాణాకు 5 కిలోల వాము పొడి వేస్తే 150 గ్రాముల నూనె, దాంట్లో 75 గ్రాముల థైమాల్. అంటే దాణాలో 75 పీపీఎం. బానే ఉంది. అదే వామును ఏడాది క్రితం పొడి కొట్టించి, రేకుల షెడ్డులో గోనెసంచిలో ఉంచారనుకోండి. నూనె ఆవిరైపోయి 1 శాతం మిగిలింది. అదే 5 కిలోలు వేస్తే 25 పీపీఎం మాత్రమే వస్తుంది. రైతు వేసింది 5 కిలోలే, కోడికి అందింది మూడో వంతు. అందుకే ఒకాయన "వాము అద్భుతం" అంటాడు, పక్క ఊరాయన "దండగ" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గింజగా కొని, వాడే వారంలోనే పొడి కొట్టించండి. కిలోలు కాదు, అందులో ఉన్న అసలు పదార్థం గ్రాములు లెక్కపెట్టాలి.

వెల్లుల్లిది ఇంకో తిరకాసు. వెల్లుల్లిలో అల్లిసిన్ తయారుగా ఉండదు. రెబ్బను నలిపినప్పుడు అందులోని ఎంజైమ్ అల్లీన్‌ను అల్లిసిన్‌గా మారుస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అంటే మామూలు వెల్లుల్లి పొడిని దాణాలో కలిపి, 80-85 డిగ్రీల ఆవిరితో పెల్లెట్ (గుళికలు) కొట్టిస్తే మీరు ఆశించిన అల్లిసిన్ దాదాపు ఉండదు. మ్యాష్ (పొడి) దాణా వాడేవాళ్లకు వెల్లుల్లి నప్పుతుంది. తక్కువ వేడిలో ఆరబెట్టిన పొడి అయితే టన్నుకు 5 నుంచి 10 కిలోలు. పచ్చి వెల్లుల్లి అయితే దంచి పది నిమిషాలు వదిలేసి, ఆ పూట దాణాలో కలిపి ఆ పూటే పెట్టేయాలి. పచ్చిదానిలో మూడింట రెండు వంతులు నీళ్లే కాబట్టి కలిపిన దాణా నిల్వ పెడితే బూజు పడుతుంది.

పసుపు మనకు నిజామాబాద్‌లో, దుగ్గిరాలలో దొరుకుతుంది. కుర్కుమిన్ 2 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది. టన్నుకు 5 కిలోలు, 3 శాతం అనుకుంటే 150 పీపీఎం. కుర్కుమిన్ రక్తంలోకి ఎక్కేది తక్కువ, కానీ మనకు కావలసిన పని పేగులోనే కాబట్టి ఫర్వాలేదు. బూజు విషం, అదే అఫ్లాటాక్సిన్, కాలేయాన్ని దెబ్బతీయడాన్ని పసుపు కొంత తగ్గిస్తుంది. కొంత మాత్రమే. అది టాక్సిన్ బైండర్ (విషాన్ని పేగులోనే పట్టి ఉంచే పదార్థం) కాదు, బూజు పట్టిన మొక్కజొన్న వాడుకోవడానికి లైసెన్స్ అంతకంటే కాదు. కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోవద్దు. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు మార్కెట్లో ఉంటుంది. సీసం కోడిలోకి, గుడ్డులోకి పోతుంది. కొమ్ములు కొని మీ కళ్ల ముందు ఆడించుకోండి.

మిరప సంగతి గుంటూరు రైతులు తప్పకుండా అడుగుతారు. కోడికి మిరప కారం తెలియదు. మన నాలుక మీద కారాన్ని పట్టే గ్రాహకం కోడిలో మిరప కారానికి కారణమైన క్యాప్సైసిన్‌కు స్పందించదు. కాబట్టి తినడం తగ్గదు, లేయర్లలో పచ్చసొన రంగు ఎర్రగా తేలుతుంది. కానీ చవగ్గా వస్తున్నాయని తాలు కాయలు తెచ్చి వేయకండి. తెల్లబడిన కాయలో బూజు, అఫ్లాటాక్సిన్, పురుగుమందు అవశేషాలు అన్నీ ఉండొచ్చు. నాలుగు రూపాయలు మిగుల్చుకుని కాలేయం పోగొట్టుకుంటాం.

నేలవేము, నేల ఉసిరి, గుంటగలగర కలిపిన లివర్ టానిక్కులు మీకు కొత్త కాదు, వాటి గురించి ఎక్కువ చెప్పను. వేపాకు పొడి ఎక్కువైతే చేదుకు దాణా తినడం తగ్గుతుంది, అది గుర్తుంచుకోండి చాలు.

పొడులు కాకుండా నూనెల మిశ్రమాలు అమ్ముతారు. టన్నుకు 100 నుంచి 500 గ్రాములు. వీటిలో రెండు రకాలున్నాయి. నూనెను పొడి మీద పీల్చి పెట్టినవి ఒకటి. ఇవి చవక, కానీ క్రాప్ (మెడ దగ్గర దాణా నిలిచే సంచి) దగ్గర, పేగు మొదట్లోనే చాలా వరకు రక్తంలోకి పోతాయి. క్లాస్ట్రిడియం ఉండేది ఇంకా కింద. రెండో రకం గట్టి కొవ్వు పూత వేసినవి. పేగులో కొవ్వు అరిగే కొద్దీ నూనె మెల్లగా బయటపడుతూ కిందిదాకా చేరుతుంది. పెల్లెట్ కొట్టించేవాళ్లు ఈ రెండోదే తీసుకోవాలి. కొన్ని పూతలు 60-70 డిగ్రీలకే కరిగిపోతాయి కాబట్టి "పెల్లెట్ తర్వాత ఎంత మిగులుతుంది" అన్న ల్యాబ్ రిపోర్టు అడగండి. బస్తా మీద థైమాల్ ఎన్ని గ్రాములు, సిన్నమాల్డిహైడ్ ఎన్ని గ్రాములు అని రాసి లేకపోతే ఆ సరుకు పక్కన పెట్టండి. "21 మూలికల మిశ్రమం" అన్నది మోతాదు కాదు. ఇంకో రిపోర్టు కూడా అడగాలి, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష. హెర్బల్ అని రాసిన పొడి రెండు రోజుల్లో రెట్టలన్నీ గట్టిపరిచిందంటే సంతోషించకండి, అనుమానించండి. మొక్కలు అంత వేగంగా పనిచేయవు.

కలపడంలో చాలామంది దెబ్బతింటారు. 200 గ్రాములు నేరుగా టన్ను మిక్సర్లో వేస్తే ఒక బస్తాలో ఎక్కువ, ఇంకో బస్తాలో సున్నా. ముందు రెండు కిలోల మెత్తటి మొక్కజొన్న పిండిలో చేత్తో కలపాలి. దాన్ని 20 కిలోల్లో కలపాలి. మిక్సర్లో సగం దాణా పడ్డాక ఈ 20 కిలోలు వేసి, మిగతా సగం పైన వేయాలి. అడ్డంగా తిరిగే రిబ్బన్ మిక్సర్ అయితే 3 నుంచి 5 నిమిషాలు, నిలువు మిక్సర్ అయితే 12 నుంచి 15 నిమిషాలు తిప్పాలి. దాణాలో మామూలుగా పోసే నూనె చివర పోయాలి, ముందే పోస్తే పొడి ఉండలు కడుతుంది.

నీళ్లలో ఇచ్చే హెర్బల్ ద్రవాల విషయంలో జాగ్రత్త. నూనె నీళ్లలో కలవదు. ఎమల్సిఫైయర్ (నూనెను నీళ్లలో కలిపే పదార్థం) సరిగ్గా లేని సరుకు వెయ్యి లీటర్ల ట్యాంకులో పోస్తే పైన తేలుతుంది. పైపు కింద నుంచి పోతుంది కదా, రోజంతా కోళ్లు ఉత్త నీళ్లు తాగుతాయి. ట్యాంకు అడుగంటేటప్పటికి నూనె అంతా ఒక్కసారి లైన్లోకి దిగుతుంది. ఆ గంటలో తాగిన కోళ్లు ముక్కు తిప్పుకుంటాయి, నిపుళ్లు (కోళ్లు నీళ్లు తాగే పైపు మొనలు) జిడ్డుతో పూడుకుపోతాయి. కొనేముందు గాజు గ్లాసులో నాలుగు చుక్కలు వేసి, కలిపి, అరగంట వదిలి చూడండి. పైన జిడ్డు వలయం కనపడితే వద్దు. తీపి పదార్థాలున్న టానిక్కులు పైపుల లోపల పాచిని పెంచుతాయి, అందుకే కోర్సు అయిపోయిన రోజు లైన్లు ఒత్తిడితో కడగాలి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుభ్రం చేయాలి. లసోటా, గంబోరో టీకా నీళ్లలో వేసే రోజుకు ముందు 24 గంటలు, తర్వాత 24 గంటలు నూనెలు, యాసిడ్లు, క్లోరిన్ ఏవీ నీళ్లలో ఉండకూడదు. ఇవి బ్యాక్టీరియాతో పాటు టీకా వైరస్‌నూ చంపగలవు.

దాణా ముడిసరుకు గురించి కొంచెం. క్లాస్ట్రిడియంకు ఇష్టమైన తిండి అరగని ప్రొటీన్. ఎండుచేప ఎక్కువైనా, సరిగ్గా వేగని సోయా మీల్ వచ్చినా అరగని ప్రొటీన్ పేగు చివరకు చేరుతుంది. సోయాకు యూరియేజ్ పరీక్ష చేయించండి, పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.20 మధ్య ఉండాలి. దానికంటే ఎక్కువంటే పచ్చిగా ఉన్నట్టు. నూకల డీడీజీఎస్ (నూకలతో సారా తయారు చేశాక మిగిలే పిప్పి) చవకని ఒక్కసారిగా పెంచొద్దు, బస్తా బస్తాకూ ప్రొటీన్ మారుతుంది. స్టార్టర్ (పిల్లల దాణా) నుంచి ఫినిషర్ (చివరి దశ దాణా)కు మారేటప్పుడు మూడు రోజులు రెండూ కలిపి పెట్టండి. లిట్టర్ గుప్పెట్లో గట్టిగా పట్టి వదిలితే విడిపోవాలి, ముద్దగా నిలిచిందంటే తడి ఎక్కువ. వానాకాలంలో గ్రోత్ ప్రమోటర్ తీసే ప్రయత్నం మొదలుపెట్టొద్దు. ఊక ఆరే కాలంలో మొదలుపెట్టండి.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? ఒక షెడ్డులో వేసి, పక్క షెడ్డుతో పోలిస్తే ఏమీ తెలియదు. గాలి వేరు, పనివాడు వేరు. ఒకే షెడ్డులో వలతో 8 గదులు కట్టండి. ఒకే హ్యాచరీ పిల్లలు, కలగలిపి పంచండి. ఒకటి విడిచి ఒకటి, నాలుగింటికి మందు దాణా, నాలుగింటికి మామూలు దాణా. 7, 14, 21, 35 రోజులకు తూకం. చనిపోయిన కోడి బరువు కూడా రాసుకోవాలి, లేకపోతే ఎఫ్‌సీఆర్ తప్పు వస్తుంది. 21వ రోజున ఒక్కో గది నుంచి ఒక కోడిని కోసి పేగు చూడండి. మంచి పేగును కత్తెరతో నిలువునా చీలిస్తే అంచులు వెంటనే ముడుచుకుంటాయి. బలం లేని పేగు తడి కాగితంలా పడి ఉంటుంది, లోపల నారింజ రంగు జిగురు, అరగని మొక్కజొన్న కనపడతాయి. ఈ ఒక్కటి నేర్చుకుంటే సేల్స్‌మ్యాన్ మాట మీద ఆధారపడక్కర్లేదు.

డబ్బు లెక్క. 2 కిలోల కోడి, ఎఫ్‌సీఆర్ 1.60 అంటే 3.2 కిలోల దాణా. ఎఫ్‌సీఆర్ 0.03 తగ్గితే 60 గ్రాములు మిగులుతుంది, కిలో దాణా 40 రూపాయలనుకుంటే 2 రూపాయల 40 పైసలు. పసుపు కిలో 150 చొప్పున టన్నుకు 5 కిలోలు వేస్తే టన్నుకు 750, కోడికి అదే 2 రూపాయల 40 పైసలు. అంటే చేతికి ఏమీ రాలేదు. కిలో 600 రూపాయల నూనె మిశ్రమం టన్నుకు 250 గ్రాములు వేస్తే టన్నుకు 150, కోడికి 48 పైసలు. అందుకే పెద్ద షెడ్డులకు పొడుల కంటే నూనెలు గిట్టుబాటు. ఇంట్లో పండిన పసుపు, వాము ఉన్న చిన్న రైతు లెక్క వేరు. ధరలు మీ ఊరివి వేసుకుని ఈ లెక్క మీరే కట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

సభ నుంచి: సార్, మేము కంపెనీ కోళ్లు పెంచుతాం. దాణా వాళ్లదే వస్తుంది. మేం ఏం చేయగలం?

కంపెనీ పెల్లెట్ మీద మీరు ఏ పొడీ చల్లొద్దు. పొడి కింద పడుతుంది, డబ్బులు దండగ. కంపెనీ సూపర్‌వైజర్‌ను ఒకటి అడగండి: ఈ దాణాలో గ్రోత్ ప్రమోటర్ ఏది, కాక్సీడియా మందు ఏది? అడిగే హక్కు మీకుంది. ఆ పేర్లు తెలియకుండా మెడికల్ షాపు మందు నీళ్లలో కలిపితే ఇందాక చెప్పిన టియామ్యులిన్ లాంటి ప్రమాదం వస్తుంది. నీళ్లు, లిట్టర్, గాలి మీ చేతిలోనే ఉన్నాయి. 21 రోజుల వయసులో పదివేల కోళ్లు రోజుకు సుమారు 1,800 లీటర్లు తాగుతాయి. నీటి మీటరు పెట్టుకుని రోజూ రాయండి. పేగు చెడబోతుంటే దాణా కంటే ముందు నీటి లెక్కలో తేడా కనపడుతుంది.

సభ నుంచి: లేయర్లకు కూడా ఇదే మోతాదా, డాక్టర్ గారూ?

లేయర్ రోజుకు 110 గ్రాములే తింటుంది, కానీ ఏడాదికి పైగా తింటుంది. కాబట్టి ఖర్చు రోజు లెక్కన చూసుకోవాలి. గుడ్డు రోజూ అమ్ముడవుతుంది, మందు అవశేషాలు పోయేదాకా ఆపుకునే వీలు తక్కువ. అందుకే యాంటీబయాటిక్ లేకుండా నడపాల్సిన అవసరం లేయర్లలోనే ఎక్కువ. వెల్లుల్లి మాత్రం మోతాదు దాటించకండి, వాసన గుడ్డుకు పడుతుందని కొనేవాళ్లు తిరగ్గొడతారు.

సభ నుంచి: అన్నీ చేశాక కూడా మధ్యలో నెక్రోటిక్ వస్తే?

అప్పుడు ఆలస్యం చేయొద్దు. హెర్బల్ మోతాదు రెట్టింపు చేస్తూ కూర్చుంటే రోజుకు వందల్లో పోతాయి, బాధపడేది కోడి. వెటర్నరీ డాక్టర్‌తో పోస్టుమార్టం చేయించి, ఆయన రాసిన యాంటీబయాటిక్ ఆయన చెప్పినన్ని రోజులూ పూర్తిగా ఇవ్వండి. రోగానికి మందు వాడటం తప్పు కాదు, రోగం లేకుండా రోజూ తినిపించడమే మనం మానుకుంటున్నది. ఆ బ్యాచ్‌ను మాత్రం యాంటీబయాటిక్ లేని కోళ్లని చెప్పి అమ్మకూడదు. మందు డబ్బా మీద రాసిన విత్‌డ్రాయల్ రోజులు (మందు అవశేషాలు పోయేదాకా ఆగాల్సిన రోజులు) పూర్తయ్యేదాకా బండి ఎక్కించకూడదు. ఆ రోజుల లెక్క చివరి డోసు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది, మొదటి డోసు నుంచి కాదు.